ఇసుకకెక్కిన పడవ

మధ్యాహ్నం మూడింటికల్లా పిల్లను రేవుకు తెచ్చి అప్పగించాలి. కొరీన్ పెట్టిన షరతు అదొక్కటే. కారు మీద సామాన్లన్నీ ఎక్కించి, తాళ్ళతో బిగించి, చేతులు దులుపుకుంటూ చెప్పింది: "మూడంటే మూడే అత్తయ్యా. ఆ తర్వాత మేం ఆగడానికి లేదు." ఒహాయో వెళ్ళిపోతున్నారు వాళ్ళు. అక్కడ ఆమెకు కొత్త మొగుడున్నాడు, పరుపుల దుకాణంలో మేనేజరు. అతన్ని నేను ఒక్కసారే చూశాను. చేపలో ముల్లు తీసుకోవడం రాక పళ్ళెం పక్కకు నెట్టేశాడు. అంతకుమించి అతని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఉన్నా వినేవాళ్ళు లేరు.

నా పేరు లురీన్ పైనర్. ఆ వేసవికి నాకు అరవై ఎనిమిది నిండాయి. పుట్టడం, పెళ్ళాడడం, మొగుణ్ణి సాగనంపడం అన్నీ హార్కర్స్ దీవిలోనే. కొరీన్ నా కొడుకు వెల్డన్ పెళ్ళాం. వెల్డన్ మూడేళ్ళ కిందట అక్టోబరులో రొయ్యల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవ మర్నాడే దొరికింది. వాడు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కొరీన్ రేవు మీద నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు, దుప్పటి కప్పితే జారిపోయినా తీసుకోలేదు. ఆ తర్వాత ఇక నీళ్ళ దగ్గరకు రాలేదు, పిల్లనూ రానివ్వలేదు. మా దీవిలో ఉంటూ నీళ్ళ దగ్గరకు పోకపోవడమంటే వంటింట్లో కాపురముండి పొయ్యి ముట్టుకోకపోవడమే. ఆమె మూడేళ్ళు అలాగే నెట్టుకొచ్చింది.

డెల్లా వాళ్ళకు ఒక్కతే పిల్ల. పదకొండేళ్ళు. దానికి ఎదుటి ఒడ్డున షాకిల్‌ఫర్డ్‌లో తిరిగే అడవి గుర్రాలను చూడాలని ఎప్పట్నుంచో కోరిక. మా రేవులో నిలబడితే ఆ ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, మూడు మైళ్ళు కూడా ఉండదు. వెల్డన్ చూపిస్తా చూపిస్తా అంటూనే పోయాడు. ఊరొదిలి వెళ్ళే రోజు పొద్దున పిల్ల మళ్ళీ అడిగింది. కొరీన్ వద్దనబోయి నా మొహం చూసి ఆగింది. మీతో అయితేనే పంపుతాను, ఇంకెవరు తీసుకెళ్తానన్నా పంపను అంది. ఎందుకంటే నాకు నీళ్ళు తెలుసు. పదేళ్ళప్పుడు మా నాన్న పడవ నడిపాను. ఈ అరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా పడవను ఇసుకకెక్కించలేదు. కావాలంటే దీవిలో ఎవర్నైనా అడగండి. లురీన్ గొప్పలు పోతోందంటారు, అబద్ధమని మాత్రం ఎవరూ అనరు.

తొమ్మిదిన్నరకు బయల్దేరాం. పోటు నిండేది పదింటికి. డబ్బాలో అంజూరపు జామ్ పెట్టిన బిస్కెట్లు, వేయించిన చేప ముక్కలు, రెండు పెప్సీ సీసాలు, ఉప్పు వేరుశనగల పొట్లం, ఒక కూజా మంచినీళ్ళు. డెల్లా పెప్సీ సీసాలో వేరుశనగలు పోసుకుని గటగటా తాగుతుంటే అచ్చం వాళ్ళ నాన్నే. ఒహాయోలో అలా తాగరట. అక్కడి బడిలో అలా తాగితే పిల్లలు నవ్వుతారని ఆ పరుపులాయన చెప్పాడట. నవ్వితే నవ్వనీ అన్నాను. మోటారు చప్పుడులో దానికి వినబడలేదు, నేనూ రెండోసారి అనలేదు.

షాకిల్‌ఫర్డ్‌లో ఇప్పుడు మనుషులెవరూ ఉండరు. ఒకప్పుడు మావాళ్ళే ఉండేవాళ్ళు. పెద్ద తుఫాను తర్వాత ఇళ్ళను విప్పి పడవల మీద వేసుకుని ఇవతలికి వచ్చేశారు. సమాధులను, గుర్రాలను అక్కడే వదిలేశారు. మా నాన్న రోజుల్లో ఏటా వేసవిలో అందరూ వెళ్ళి గుర్రాలను దొడ్లోకి తోలి, ఎవరి గుర్రప్పిల్లకు వాళ్ళు గుర్తు వేసుకునేవాళ్ళు. ఇప్పుడవి ప్రభుత్వానివి. దగ్గరకు పోకూడదు, ముట్టుకోకూడదు, తినడానికేమీ పెట్టకూడదు.

వారాంతాల్లో బయటివాళ్ళు దిగి గొడుగుల కింద పడుకునే వైపు నేను పోలేదు. వెనక వైపు ఆల్చిప్పల గుట్టల మధ్య నుంచి ఒక సన్నటి పాయ లోపలికి పోతుంది. ఆ దారి తెలిసినవాళ్ళు దీవి మొత్తం మీద పదిమంది ఉంటారు, అందులో సగం మందికి చూపించింది నేనే. పోటు మీద దాన్లో నడుములోతు నీళ్ళుంటాయి. పన్నెండూ నలభై ఐదు దాటిందా, దాని నోరు మూసుకుపోతుంది. మళ్ళీ సాయంత్రం ఏడున్నర దాటితే గానీ తెరుచుకోదు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గడియారం కూడా అక్కర్లేదు.

పడవను గడ్డి అంచున లంగరు వేసి దిగాం. పావుగంట నడిచామో లేదో గుర్రాలు కనిపించాయి. మొత్తం ఐదు. మట్టి రంగు మగ గుర్రం ఒకటి, మూడు ఆడ గుర్రాలు, ఇంకా కాళ్ళు నిలదొక్కుకోని ఒక పిల్ల. డెల్లా నా చెయ్యి పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. వాటి జూలు చిక్కులు పడి కళ్ళ మీద వేలాడుతోంది. ఒకటి ముందు కాలితో ఇసుకను తవ్వుతోంది. ఎందుకంది పిల్ల. మంచినీళ్ళకు అన్నాను. చూస్తుండగానే గుంటలో నీళ్ళు ఊరాయి, అది మూతి పెట్టి తాగింది, మిగతావి వరసలో నిలబడ్డాయి. డెల్లా నవ్వింది. మూడేళ్ళలో దాని నోట్లోంచి అలాంటి నవ్వు నేను వినలేదు.

వయసులో చిన్నదైన ఆడ గుర్రం ఒకటి మంద వదిలి గడ్డిలోకి పోబోయింది. వెంటనే మగ గుర్రం మెడ నేలకు వంచి, చెవులు వెనక్కి మడిచి దాని వెంట పడింది. పక్క నుంచి తరిమి తరిమి మళ్ళీ మందలో కలిపింది. రెండు నిమిషాలాగి ఆ చిన్నది మళ్ళీ ప్రయత్నించింది, ఇది మళ్ళీ తరిమింది.

"దాన్ని పోనివ్వొచ్చు కదా నానమ్మా," అంది డెల్లా.

"పోతే దాని మంద తగ్గిపోతుంది కదా."

"అయినా దానికి ఉండాలని లేదు."

నేను డబ్బా మూత తీశాను. ఇసుక దిబ్బ నీడన కూర్చుని బిస్కెట్లు తిన్నాం. డెల్లా ఒహాయో కబుర్లు మొదలుపెట్టింది. దానికి సొంత గది ఉందట. కుక్కపిల్లను కొనిస్తానన్నాడట ఆయన. బడికి పసుపు బస్సు ఇంటి ముందుకే వస్తుందట. బడి పేరు, వీధి పేరు, ఇంటి నంబరు అన్నీ గడగడా చెప్పింది. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. పిల్ల సంతోషంగా ఉంటే సంతోషపడాల్సిందాన్ని. పడలేదు. కడుపులో మంటే పుట్టింది. నా కొడుకు పోయాడు, వాడి ముక్క ఈ ఒక్కటీ మిగిలింది, దీన్నీ ఎత్తుకుపోతున్నారు అనిపించింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగాను.

"ఈ క్రిస్మస్‌కు కాదంది అమ్మ. వచ్చే ఏడు చూద్దామంది."

చూద్దాం అనే మాటకు అర్థం నాకు తెలుసు. ఈ దీవి నుంచి వెళ్ళినవాళ్ళందరూ చూద్దామనే చెప్పారు.

అప్పటికి పన్నెండూ పది. నేను కూర్చున్న చోట నుంచి పాయ కనిపిస్తోంది. ఆల్చిప్పల గుట్టల నల్లటి అంచులు అప్పుడే బయటపడుతున్నాయి. గడ్డి మొదళ్ళ మీద తడి గీత అరచెయ్యంత పైకి తేలింది. లేచి పడవెక్కితే హాయిగా బయటపడతాం. పన్నెండున్నరకు బయల్దేరినా గెడ వేసుకుంటూ బయటపడొచ్చు. నేను లేవలేదు. మర్చిపోయానని, మాటల్లో పడిపోయానని చెప్పుకోవచ్చు. అలా చెప్పుకోను. ఆటుకు నీళ్ళు వెనక్కి తీస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంకో ఆరు గంటలు దొరుకుతాయి, అంతే అనుకున్నాను. ఆలస్యమైతే రాత్రి మా ఇంట్లోనే పడుకుంటారు, రేపు పొద్దున్న అందరం కలిసి టిఫిను చేస్తాం అనుకున్నాను. పిల్లకు ఇంకో బిస్కెట్టు ఇచ్చి, వాళ్ళ నాన్న చిన్నప్పుడు గుర్రం తోక పట్టుకుని ఎలా తన్ను తిన్నాడో చెప్పడం మొదలెట్టాను. ఆ కథను నేను ఎంత సాగదీయగలనో నాకే తెలియదు అప్పటిదాకా.

ఒంటిగంటకు పడవెక్కాం. పాయలో మోకాలి లోతు కూడా లేదు. గెడతో తోసుకుంటూ నోటి దాకా వచ్చాక పడవ అడుగు ఇసుకను రాసుకుని ఆగిపోయింది. నేను గెడతో నాలుగుసార్లు అటూ ఇటూ తోశాను. గట్టిగా తోయలేదు. పది నిమిషాల్లో చుట్టూ బురద తేలింది. డెల్లా మొదట సరదా పడింది. పడవ నేల మీద కూర్చోవడం అది ఎప్పుడూ చూడలేదు. పీతలు బయటికొస్తుంటే లెక్కపెట్టింది. రెండయ్యేసరికి పీతలు ఆపేసి ఎప్పుడు వెళ్తాం అని అడిగింది. నీళ్ళొచ్చాక అన్నాను. ఎప్పుడొస్తాయంది. ఏడున్నర అన్నాను.

పిల్ల మొహం మారిపోయింది. మూడింటికి అమ్మకు చెప్పాం కదా అంది. అమ్మకు అర్థమవుతుందిలే అన్నాను. ఎలా అర్థమవుతుందో దానికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

నెత్తిన ఎండ. పడవకు పైకప్పు లేదు. ఆకుపచ్చ కళ్ళ ఈగలు వచ్చి మెడ మీద, మోకాళ్ళ వెనక కుడుతున్నాయి. పడవ పొడవు ఆరు అడుగులు వేస్తే అయిపోతుంది. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి డెల్లా నడుస్తూనే ఉంది. కాసేపటికి వెనకున్న చెక్క పెట్టెలో రేడియో చూసింది. దాంతో ఎవర్నైనా పిలవమంది.

ఇక్కడ మా సంగతి చెప్పాలి. దీవివాళ్ళు ఇసుకకెక్కామని రేడియోలో పిలవరు. బయటివాళ్ళు పిలుస్తారు. శనివారం పూట తెల్ల చెప్పులూ తెల్ల పడవలూ వేసుకొచ్చి, ఇసుకకెక్కి, రేడియోలో ఏడుస్తారు. మేం వంటింట్లో రేడియో పెట్టుకుని వింటూ నవ్వుకుంటాం. మావాళ్ళలో ఎవరి పడవైనా ఎక్కితే, నోరు మూసుకుని, తెచ్చుకున్నది తిని, నీళ్ళొచ్చేదాకా కూర్చుంటారు. అడిగితే ఆల్చిప్పలు ఏరుకుంటున్నాం అంటారు. మా మావగారు తొమ్మిది గంటలు అలా కూర్చున్నాడు, చచ్చేదాకా ఒప్పుకోలేదు. ఇదంతా పిల్లకు చెప్పాను. మనం బయటివాళ్ళం కాదు కదా అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

"అమ్మ రేవు మీద నిలబడి ఉంటుంది నానమ్మా," అంది. "నాన్నప్పుడు నిలబడినట్టు."

ఒట్టేసి చెప్తున్నాను, ఆ క్షణం దాకా నాకా సంగతి తట్టలేదు. నా కొడుకు, నా మనవరాలు, నా ఆరు గంటలు అనుకున్నానే గానీ, ఆ రేవు మీద నిలబడే మనిషి నా లెక్కలోకే రాలేదు. అప్పుడు దిగి భుజం ఆనించి పడవను తోశాను, ఈసారి నిజంగానే. ఇసుకలో ఇల్లు కట్టినట్టు కూర్చుంది, అంగుళం కదల్లేదు. నేను పన్నిన ఉచ్చు, నాకే ఊడదీయడం చేతకాలేదు.

మూడింటికి ఇంకా పది నిమిషాలుందనగా రేడియో తీశాను. ఎల్మండ్ పలికాడు. వాడు మా చిన్నాన్న కొడుకు, దీవిలో పెద్ద నోరు వాడిదే.

"ఎవరది?"

"నేను, లురీన్‌ని."

"చెప్పక్కా."

"ఇసుకకెక్కాను."

"ఏం ఎక్కావు?"

"పడవ ఇసుకకెక్కిందిరా. వెనక పాయలో."

వాడు నవ్వడం మొదలెట్టాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా దూరారు. నెల్సన్ బేలో వలలేస్తున్న ఒకడు, అమ్మమ్మా, తెల్ల చెప్పులు వేసుకున్నావా అని అడిగాడు. ఇంకొకడు కేలెండరు మీద గుర్తు పెడుతున్నానన్నాడు. అరవై ఏళ్ళుగా నేను నవ్విన నవ్వులన్నీ ఒకేసారి నా మీదకొచ్చాయి. పళ్ళు బిగించి విన్నాను. నవ్వుకోవడం అయ్యాక కొరీన్‌కు చెప్పమన్నాను, పిల్ల క్షేమంగా ఉంది, ఎనిమిదికి వస్తామని చెప్పమన్నాను. ఎల్మండ్ గొంతు మారింది.

"అక్కా, కొరీన్ రెండింటి నుంచీ రేవు మీదే ఉంది. మనిషి మనిషిలా లేదు. నేను వెళ్ళి చెప్తాను. కానీ నీకేమైందే? ఆ పాయ ఎప్పుడు మూసుకుంటుందో నాకు నేర్పిందే నువ్వు. నువ్వు చూసుకోలేదంటే నేనెలా నమ్మేది?"

నేను రేడియో కట్టేశాను. కట్టేసరికే ఆలస్యమైంది. డెల్లా నా వెనకే నిలబడి ఉంది.

అది పడవ ముందుకు పోయి, నాకు వీపు పెట్టి కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో. నీళ్ళ కూజా అందిస్తే తీసుకోలేదు. టోపీ పెట్టుకోమంటే పెట్టుకోలేదు. దాని మెడ ఎర్రగా కమిలిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

నాలుగు దాటాక, నీళ్ళు పూర్తిగా తీసేశాక, గుర్రాలు వచ్చాయి. అదే మంద. ఆవలి తిప్ప మీద పచ్చటి గడ్డి కోసం గట్టి ఇసుక చూసుకుంటూ, అడుగులో అడుగు వేస్తూ దాటుకుపోతున్నాయి. మాకు ముప్పై అడుగుల దూరంలో నుంచి నడిచాయి. వాటి ఊపిరి వినబడింది. పిల్ల గుర్రం తల్లి పొట్టకు రాసుకుంటూ పోయింది. ఆ చిన్న ఆడ గుర్రం అన్నిటికంటే వెనక, మగ గుర్రం దాని వెనక. వాటిని అంత దగ్గర్నుంచి చూడాలనే కదా వచ్చాం. డెల్లా తలెత్తి చూసింది, కానీ కళ్ళలో ఏమీ లేదు. అవి దాటిపోయాక నా వైపు తిరిగింది.

"నీకు తెలుసు కదా నానమ్మా."

అబద్ధం నోటి దాకా వచ్చింది. వయసైపోయిందే, చూసుకోలేదే అని. మింగేశాను. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ అడుగుతుంటే ఎలా చెప్తాను.

"తెలుసు."

"నీళ్ళు పోతుంటే చూశావా?"

"చూశాను. నువ్వు వెళ్ళిపోతున్నావని చూస్తూ కూర్చున్నాను."

అది కొట్టినా బాగుండేది. పడవ అంచు దాటి కిందికి దూకింది. దీవి వైపు, వాళ్ళమ్మ వైపు నడవడం మొదలెట్టింది. గుర్రాలు పోయిన చోట ఇసుక గట్టిది, ఇది పోయిన వైపు మెత్తటి బురద. ఆగమని అరిచాను. పదిహేను అడుగులు వేసేసరికి మోకాళ్ళ దాకా దిగిపోయింది. ఇంకో అడుగు వేయబోయి తొడల దాకా దిగింది. కదిలినకొద్దీ లాగుతుంది ఆ బురద. గెడ తీసుకుని దిగి, బోర్లా పడుకుని, గెడను అడ్డంగా పరిచి దాని మీద పాక్కుంటూ పోయాను. చంకల కింద చేతులేసి లాగాను. ఒక చెప్పు పోయింది. మడమ మీద ఆల్చిప్ప గీరి రక్తం కారుతోంది. లాగి తీసినప్పుడు ఒక్క క్షణం నా మెడ చుట్టూ గట్టిగా చేతులేసింది. ఆ తర్వాత ఎవరిని పట్టుకుందో గుర్తొచ్చినట్టుంది, వదిలేసింది.

పడవలోకి ఎక్కించి, మంచినీళ్ళతో మడమ కడిగి, తలగుడ్డ చింపి కట్టాను. కట్టనిచ్చింది. ఎక్కడికీ పోయే దారి లేక కట్టనిచ్చింది. ఆ మిగిలిన మూడు గంటలూ మేమిద్దరం ఆ ఇరుకు పడవలో ఎదురెదురుగా కూర్చున్నాం. నేను కోరుకున్న గంటలు అవే. ఒళ్ళంతా బురద ఎండి బిగుసుకుపోయింది, ఈగలు కుడుతుంటే తోలే ఓపిక కూడా లేదు. క్షమించమని రెండుసార్లు అన్నాను. రెండోసారి, చాల్లే నానమ్మా అంది, పెద్దమనిషిలా.

ఏడూ నలభైకి పడవ అడుగున నీళ్ళు గలగలలాడాయి. ఏడూ యాభైకి తేలింది. మోటారు వేసి నేరుగా పోనిచ్చాను. దారి పొడుగునా నేను ఆలోచించింది ఒకటే. పిల్ల రేవు మీద దిగి జరిగింది చెప్తుంది. చెప్పాలి కూడా. మొగుణ్ణి నీళ్ళకిచ్చిన మనిషిని కావాలని ఆరు గంటలు ఆ రేవు మీద నిలబెట్టానని తెలిశాక కొరీన్ ఈ జన్మలో నా గడప తొక్కదు, పిల్లను తొక్కనివ్వదు. ఆమె స్థానంలో నేనున్నా అంతే చేస్తాను.

రేవు మీద పదిమంది దాకా ఉన్నారు. ఎల్మండ్ ముందే నిలబడి ఉన్నాడు. కొరీన్ చివరి పలక మీద, స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. డెల్లా దూకగానే గుండెకు హత్తుకుని కింద కూలబడిపోయింది. దాని జుట్టు, చేతులు, మడమ తడిమి తడిమి చూసింది. ఆ తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"ఏం జరిగింది?" అంది.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు డెల్లా అంది.

"నానమ్మకు కళ్ళు సరిగా కనబడటం లేదమ్మా. నీళ్ళు తీస్తుంటే చూడలేదు. దారి కూడా మర్చిపోయింది. పాపం, చాలా భయపడింది."

మధ్యాహ్నం రేడియోలో తెల్ల చెప్పుల జోకు వేసినవాడు తల దించుకున్నాడు. డెల్లా తల్లి భుజం మీదుగా నన్నే చూస్తోంది. రెప్ప వేయడం లేదు. ఆ చూపులో కోపం లేదు, జాలి అంతకన్నా లేదు. ఇదిగో ఇది తీసుకో, లేదా నిజం చెప్పి అన్నీ పోగొట్టుకో అన్నట్టుంది. పదకొండేళ్ళ పిల్ల.

"నిజమేనా అత్తయ్యా?"

"నిజమే," అన్నాను. "ఈ మధ్య చూపు ఆనడం లేదు. చెప్పడానికి సిగ్గేసింది."

కొరీన్ లేచి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. ముందే చెప్పొచ్చు కదా, మనుషులం కాదా మేము అంది. క్రిస్మస్‌కు ఒహాయో రమ్మంది, టిక్కెట్టు తనే పంపుతానంది, ఇకమీదట ఏటా రమ్మంది. అక్కడ మంచి కళ్ళ డాక్టరున్నాడట. నేను తలాడించాను. ఆ మసక వెలుతురులో కూడా నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న దీపస్తంభం మీద నలుపు తెలుపు గళ్ళు నాకు స్పష్టంగా కనబడుతున్నాయి. అటు చూడకుండా ఉండడానికి తల దించుకున్నాను.

ఎల్మండ్ నా పడవలోకి దిగాడు. ఏమీ అడగకుండా మోటారు నుంచి పెట్రోలు గొట్టం ఊడదీసి, చుట్టగా చుట్టి భుజాన వేసుకున్నాడు. ఇక నీకెక్కడికి పోవాలన్నా నేనున్నాను కదక్కా అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా. వాడికి ఆ పడవ నడపడం నేర్పింది నేనే. వద్దురా అనాలని ఉంది. అంటే ఎందుకని అడుగుతారు.

వాళ్ళు కారెక్కారు. డెల్లా వెనక సీట్లో కూర్చుని అద్దం దించింది. దగ్గరకు వెళ్ళబోయాను, ఎల్మండ్ నా మోచెయ్యి పట్టుకుని మెట్టుంది చూసుకో అక్కా అన్నాడు. ఆ మెట్టు నా మొగుడు నేనూ కలిసి కొట్టిందే. కారు ఇంకా కదల్లేదు, పిల్ల చూస్తూనే ఉంది. నేను ఆగి, వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని, కాలితో తడుముకుంటూ మెట్టెక్కాను.